సరిహద్దు దాటే కరెంటు: రూల్స్ చదివి కార్బన్ లెక్క తేల్చుకోవడం ఎలా

నేపాల్ కరెంటు మనకొస్తోంది, మన లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కీ వెళ్తోంది, భూటాన్ నుంచైతే దశాబ్దాలుగా వస్తూనే ఉంది. ఇలాంటి వార్త ఏది చదివినా చివర్లో ఒక వాక్యం ఉంటుంది, దీనివల్ల ఇన్ని వేల టన్నుల కార్బన్ తగ్గుతుందని. ఆ మాట నిజమో కాదో వార్త చూస్తే తెలియదు. ఎవరి కరెంటును లోపలికి రానిస్తారు, లైను ఎవరికిస్తారు, ధర ఎలా కడతారు, పొగ ఎవరి ఖాతాలో రాస్తారు, ఈ నాలుగూ చూస్తే తెలుస్తుంది. నాలుగూ రూల్స్‌లోనే ఉంటాయి, కాకపోతే ఒకేచోట ఉండవు. వాటిని ఎక్కడ వెతకాలో, ఏ వరుసలో చదవాలో చెప్పడానికే ఇది రాస్తున్నా. లా చదివేవాళ్ళకి, పోటీ పరీక్షలకి ప్రిపేరయ్యేవాళ్ళకి, పర్యావరణం మీద పనిచేసేవాళ్ళకి ఉపయోగపడాలని నా కోరిక. ఇంజనీరింగ్ రాకపోయినా పర్లేదు.

ముందు కాగితాలు పోగుచేసుకోండి

మన ప్రాంతానికి సంబంధించి దగ్గర పెట్టుకోవాల్సినవి ఇవి. 2014 నవంబర్‌లో కాఠ్మాండూ సార్క్ సదస్సులో సంతకాలైన విద్యుత్ సహకార ఒప్పందం, అదే ఏడాది అక్టోబర్‌లో భారత్, నేపాల్ చేసుకున్న విద్యుత్ వాణిజ్య ఒప్పందం, మన విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 డిసెంబర్‌లో ఇచ్చిన ఎగుమతి దిగుమతి మార్గదర్శకాలు, వాటికి తర్వాత చేసిన సవరణలు, కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్, అంటే సీఈఆర్‌సీ, 2019లో తెచ్చిన సరిహద్దు విద్యుత్ వాణిజ్య నిబంధనలు, 2021లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ, విడుదల చేసిన ప్రొసీజర్. వీటన్నిటికీ కింద పునాదిలా 2003 విద్యుత్ చట్టం.

చాలామంది సార్క్ ఒప్పందం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే చదవడానికి బాగుంటుంది. ప్రాంతీయ సహకారం, వివక్ష లేకుండా గ్రిడ్ వాడుకోనివ్వడం, అన్నీ ఉంటాయి. కానీ దాదాపు ప్రతి ముఖ్యమైన హామీ పక్కనా "ఆయా దేశాల చట్టాలకు, నిబంధనలకు లోబడి" అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. పెన్సిల్ తీసుకుని ఆ మాట కనబడ్డ ప్రతిచోటా గీత పెట్టండి. గీతలు పెట్టాక మీకే అర్థమవుతుంది, తాళం ఒప్పందంలో లేదు, దేశాల చట్టాల్లో ఉంది. యూరోపియన్ యూనియన్‌లో లాగా అందరి మీదా చెల్లే ఉమ్మడి చట్టం, ఉమ్మడి కోర్టు మన దగ్గర లేవు. ప్రాంతం మొత్తానికీ ఒక నియంత్రణ సంస్థ కూడా లేదు. మ్యాప్‌లో భారత్ నడుమ ఉంది, నేపాల్‌కీ బంగ్లాదేశ్‌కీ నేరుగా సరిహద్దు కలవదు, భూటాన్‌కీ అంతే. కాబట్టి ఈ ప్రాంతంలో ఉమ్మడి మార్కెట్ రూల్స్ అంటే ఆచరణలో చాలావరకు ఢిల్లీలో రాసే రూల్సే. ఇది ఒప్పుకుని చదవడం మొదలుపెడితే సగం గందరగోళం పోతుంది.

ఇంకోటి, మార్గదర్శకాలు వేరు, నిబంధనలు వేరు. మార్గదర్శకాలు మంత్రిత్వ శాఖవి, నిబంధనలు కమిషన్‌వి. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చివర్లో చెప్తా, అక్కడ మీకు పని ఉంది.

తలుపు దగ్గర ఎవరిని ఆపుతున్నారు

ఇక్కడ ఎక్కువసేపు కూర్చోండి. అనుమతి క్లాజు చదివేటప్పుడు నేను కాగితం మీద రెండు గడులు గీస్తాను. ఒకదాంట్లో "ఈ క్లాజు ఏం అడుగుతోంది" అని రాస్తాను. రెండోదాంట్లో "ఏం అడగట్లేదు" అని. రెండో గడిలోనే వాతావరణం కథ ఉంటుంది.

మన రూల్స్ ప్రకారం పొరుగు దేశం నుంచి కరెంటు కొనాలంటే, అమ్మాలంటే నిర్దేశిత అధికారి అనుమతి కావాలి, ఆ బాధ్యత సీఈఏది. కరెంటు తయారుచేసే ప్లాంటు యజమాని ఎవరు అన్నది అడుగుతారు. భారత్‌తో భూసరిహద్దు ఉండి, మనతో విద్యుత్ రంగంలో ద్వైపాక్షిక ఒప్పందం లేని మూడో దేశం వాళ్ళ పెట్టుబడి ఉంటే దారి మూసుకుపోతుంది. పేరు రాయకపోయినా అది చైనా గురించేనని అందరికీ తెలుసు. నేపాల్‌లో చైనా పెట్టుబడి ఉన్న ప్లాంట్లకే కాదు, చైనా కాంట్రాక్టర్లు కట్టిన ప్లాంట్లకీ దీనివల్ల మన మార్కెట్లో అమ్ముకునే అనుమతి రాలేదు. అనుమతి కూడా దేశం మొత్తానికి ఒకేసారి ఇవ్వరు, ప్లాంటు ప్లాంటుకీ విడిగా చూస్తారు. 2021 నవంబర్‌లో నేపాల్ మొదటిసారి మన విద్యుత్ ఎక్స్‌చేంజ్‌లో, అంటే బిడ్లు వేసి కరెంటు కొని అమ్మే మార్కెట్లో, అమ్మినప్పుడు అనుమతి దొరికింది 39 మెగావాట్లకే, త్రిశూలి నుంచి 24, దేవీఘాట్ నుంచి 15. రెండూ భారత్ సాయంతో కట్టినవే.

భద్రత గురించి ఆలోచించడం తప్పు అని నేను అనను. గ్రిడ్ అంటే దేశం నాడి, జాగ్రత్త ఉండాల్సిందే. నా బాధ రెండో గడి గురించి. ఆ క్లాజు యజమాని ఎవరని అడిగింది, ఇంధనం ఏంటని అడగలేదు. నీటితో తయారైన కరెంటా, బొగ్గుతో తయారైన కరెంటా అన్న ప్రశ్న తలుపు దగ్గర అసలు రాదు.

దీని పక్కనే గొడ్డా పెట్టి చూడండి. జార్ఖండ్‌లోని గొడ్డాలో 1,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఉంది, బంగ్లాదేశ్‌కి అమ్మడం కోసమే కట్టారు, ఒప్పందం 2017లో 25 ఏళ్ళకు కుదిరింది, కరెంటు వెళ్ళడం 2023లో మొదలైంది. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిపోయిన కొద్ది రోజులకే మన మార్గదర్శకాలకు ఒక సవరణ వచ్చింది. పూర్తిగా ఎగుమతి కోసమే ఉన్న ప్లాంటు, కొనేవాళ్ళు కరెంటు తీసుకోకపోయినా, డబ్బు కట్టకపోయినా మన గ్రిడ్‌కి కలుపుకోవచ్చని. పెట్టుబడి పెట్టినవాళ్ళ వైపు నుంచి చూస్తే అది అర్థమయ్యే ఏర్పాటే. కానీ మీరు చదివేది వాతావరణ లక్ష్యం కోసం. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: బొగ్గు ప్లాంటుకి రెండో దారి తెరిచేటప్పుడు ఆ సవరణ ఉద్గారాల మీద ఏదైనా షరతు పెట్టిందా? పెట్టలేదు. రెండో గడిలో రాసుకోండి.

రూల్స్ మారవు అనుకోకండి. 2016లో వచ్చిన మొదటి మార్గదర్శకాలు ఇంకా బిగుతుగా ఉండేవి, భారత యాజమాన్యం 51 శాతం ఉంటే ఒక దారి, లేకపోతే కేసు కేసుకీ విడివిడి పరిశీలన. భూటాన్, నేపాల్ గట్టిగా అభ్యంతరం చెప్పాయి, 2018లో వాటిని తీసేసి కొత్తవి తెచ్చారు, మూడు దేశాల మధ్య వాణిజ్యానికి చోటు కూడా వాటిలోనే దొరికింది. చిన్న దేశాలు అడిగితే పెద్ద దేశం రాసుకున్న రూల్ మారింది, ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి.

లైను ఎవరిది

దీన్ని త్వరగా చూసేయొచ్చు. ఏ లైను, ఎంత సామర్థ్యం, అందులో ఎంత దీర్ఘకాలిక ఒప్పందాలకి కట్టేశారు, మిగిలింది ఎవరికి ఎలా ఇస్తున్నారు. నేపాల్ వైపు ప్రధానమైనది ధల్కేబర్ నుంచి ముజఫర్‌పూర్ లైను. 2016లో 132 కేవీ (కిలోవోల్ట్‌లు) మీద మొదలై తర్వాత 400 కేవీకి పెరిగింది. బంగ్లాదేశ్ వైపు బహరంపూర్ నుంచి భేరామారా, అక్కడ 1,000 మెగావాట్ల హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డైరెక్ట్ కరెంట్) స్టేషన్ ఉంది, అంటే రెండు గ్రిడ్‌లూ ఒకే లయలో తిరగవు, మధ్యలో ఒక గేటు పెట్టి కొలిచి పంపుతారు.

పోల్చి చూసుకోవడానికి యూరప్ రూల్ ఒకటి తెలిసుంటే మంచిది. వాళ్ళ 2019 విద్యుత్ మార్కెట్ నిబంధన 16వ అధికరణం ప్రకారం సరిహద్దు లైన్ల సామర్థ్యంలో, భద్రతా పరిమితులు చూసుకుని, కనీసం 70 శాతం ఇరుగుపొరుగు వాణిజ్యానికి వదలాలి. ఇంట్లో రద్దీ ఉందని పక్కింటి కరెంటును సరిహద్దులోనే ఆపేయడం కుదరదు. అన్ని దేశాలూ దాన్ని పూర్తిగా పాటిస్తున్నాయని కాదు, కానీ అంకె చట్టంలో ఉంది కాబట్టి పాటించనివాళ్ళని పట్టుకుని అడగొచ్చు. గాలి, ఎండ ఎక్కువున్న చోటు నుంచి లేని చోటుకి కరెంటు పారాలంటే ఈ ఒక్క అంకె ఎన్నో ఉపన్యాసాల కంటే ఎక్కువ పని చేస్తుంది. మన ప్రాంతపు కాగితాల్లో అలాంటి అంకె కోసం వెతకండి. కనబడదు.

ధరలో కార్బన్ కూర్చుందా

మన ఎక్స్‌చేంజ్‌లో రేపటి మార్కెట్ ఎలా నడుస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. రోజుని 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ముందు రోజు పొద్దున ఒక్కో ముక్కకీ ఎంతకి ఎన్ని మెగావాట్లో బిడ్ వేస్తారు. తక్కువ ధర బిడ్ నుంచి మొదలుపెట్టి పైకి పేర్చుకుంటూ పోతారు, కొనుగోలు గీత ఎక్కడ తగిలితే అక్కడి ధరే ఆ ముక్కలో అందరికీ. వర్షాకాలంలో నేపాల్ నదులు నిండుగా పారుతుంటాయి, అక్కడి ప్లాంట్లలో ఎక్కువ వాటికి నీళ్ళు ఆపుకునే పెద్ద జలాశయాలు లేవు, అమ్మకపోతే ఆ నీళ్ళు ఊరికే పోతాయి, కాబట్టి తక్కువకే బిడ్ వేస్తారు, మెట్ల వరుసలో కింద నిలబడతారు. పైమెట్టు మీదున్న ఖరీదైన బొగ్గు బిడ్ ఒకటి ఆ 15 నిమిషాలకి బయటికి పోతుంది. కార్బన్ తగ్గడం అంటే నిజంగా జరిగేది ఇదే, ఇంత చిన్న పని.

ఇక్కడ చట్టాన్ని అడగాల్సింది, బొగ్గు బిడ్‌లో పొగ ఖర్చు ఉందా లేదా అని. యూరప్‌లో 2005 నుంచి ఉద్గారాల వాణిజ్య వ్యవస్థ ఉంది, ప్లాంటు వదిలే ప్రతి టన్నుకీ పర్మిట్ కొనాలి. పర్మిట్ ధర 70 యూరోలనుకుందాం, బొగ్గు ప్లాంటు మెగావాట్ గంటకి సుమారు 0.9 టన్ను వదులుతుందనుకుందాం, అంటే ఆ బిడ్‌లో 63 యూరోలు పొగ ఖర్చే. మార్కెట్ రూల్‌లో "బొగ్గు" అన్న మాట లేకపోయినా బొగ్గు తనంతట తానే పైమెట్టుకి పోతుంది. అది చాలదని, ప్లాంట్లను సిద్ధంగా ఉంచినందుకు ఇచ్చే సామర్థ్యపు చెల్లింపులకి యూరప్ ఇంకో గీత కూడా గీసింది, యూనిట్‌కి 550 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దాటే కొత్త ప్లాంటుకి ఆ డబ్బు రాదు.

మన దగ్గర 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023లో కార్బన్ క్రెడిట్ వాణిజ్య పథకం ప్రకటించారు. మంచి అడుగు. అయితే అది సిమెంట్, అల్యూమినియం లాంటి పరిశ్రమలతో మొదలవుతోంది, కరెంటు ప్లాంటు బిడ్‌లో పొగ ఖర్చు చేర్చే స్థితి ఇంకా రాలేదు. అంటే ఈ ప్రాంతపు మార్కెట్లో నీటి కరెంటు గెలిస్తే అది చవక కాబట్టి గెలుస్తోంది, శుభ్రం కాబట్టి కాదు. చలికాలం నుంచి వేసవి దాకా నదుల్లో నీళ్ళు తగ్గి అదే నేపాల్ మన దగ్గర కొనుక్కునే నెలల్లో వెళ్ళేది ఎక్కువగా బొగ్గు కరెంటే, దాన్నీ ఏ రూలూ ఆపదు, అడగదు. అందుకే ఏడాది మొత్తానికి "నికర ఎగుమతి" అంకె ఒక్కటే చూసి సంబరపడొద్దు, నెలల వారీగా చూడండి.

పొగ ఎవరి ఖాతాలో

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడ. నేనూ ఒకసారి చేశాను, ఒక నోట్‌లో దిగుమతి చేసుకున్న కరెంటు తాలూకు తగ్గుదలని రెండు దేశాల వరుసల్లోనూ రాసి కింద కూడేశాను. చదివిన ఒక చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, ఈ టన్నులు రెండుసార్లు ఎలా తగ్గాయి?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఈ భాగం మాత్రం చేత్తో లెక్క వేయకుండా వదలను.

ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద దేశాలు ఇచ్చే లెక్కల్లో మూల సూత్రం ఒకటే: పొగ ఏ నేల మీద వచ్చిందో ఆ దేశం ఖాతా. కరెంటు ఎవరు వాడారు అన్నది లెక్కలోకి రాదు. గొడ్డా పొగ మన ఖాతా, ఆ వెలుగు బంగ్లాదేశ్‌ది. భూటాన్ నీటి కరెంటు వల్ల మన బొగ్గు ప్లాంటు ఒకటి తగ్గి నడిస్తే, ఆ తగ్గుదల మన ఖాతాలో కనబడుతుంది, భూటాన్ ఖాతాలో కాదు. భూటాన్‌కి అందులో వాటా కావాలంటే విడిగా ఒప్పందం ఉండాలి. దానికో ఉదాహరణ కూడా ఉంది, భూటాన్‌లోని 126 మెగావాట్ల దగాఛు ప్రాజెక్ట్, క్యోటో ఒప్పందం నాటి స్వచ్ఛ అభివృద్ధి విధానం (పొగ తగ్గించే ప్రాజెక్టులకి క్రెడిట్లు ఇచ్చే పద్ధతి) కింద సరిహద్దు దాటిన మొదటి ప్రాజెక్ట్‌గా 2010లో నమోదైంది. క్రెడిట్లు భూటాన్ ప్రాజెక్ట్‌వి, తగ్గే పొగ భారత గ్రిడ్‌ది. ఇప్పుడు అలాంటి పని పారిస్ ఒప్పందం ఆరో అధికరణం కింద చేయాలి. అక్కడ ఒక కఠినమైన, మంచి నియమం ఉంది. అమ్మిన టన్నుని అమ్మిన దేశం తన లెక్కలోంచి తీసేయాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. 2024 అక్టోబర్ 3న నేపాల్, బంగ్లాదేశ్, భారత సంస్థలు మూడూ కలిసి సంతకం చేసిన 40 మెగావాట్ల ఒప్పందం తీసుకోండి. కరెంటు జూన్ 15 నుంచి నవంబర్ 15 వరకు, ఐదు నెలలు. ధర యూనిట్‌కి 6.4 అమెరికన్ సెంట్లు. ఏడాదికి సుమారు 14.4 కోట్ల యూనిట్లు, అంటే 1,44,000 మెగావాట్ గంటలు, దాదాపు 92 లక్షల డాలర్లు. ఇంతవరకు సులువు.

ఎంత పొగ తగ్గుతుంది? చాలామంది చేతికందిన భారత గ్రిడ్ సగటు తీసుకుంటారు, మెగావాట్ గంటకి సుమారు 0.7 టన్ను. గుణిస్తే లక్ష టన్నుల చిల్లర. కానీ ఆ కరెంటు చేరేది బంగ్లాదేశ్‌కి, మన గ్రిడ్ దారి మాత్రమే. అక్కడ కరెంటు ఎక్కువగా సహజవాయువుతో తయారవుతుంది, అది ఆగిందనుకుని 0.5 వేసుకుంటే 72,000 టన్నులు. ఒక్క గుణకం మారేసరికి 28,800 టన్నులు గాల్లో కలిశాయి. దానికంటే లోతైన ప్రశ్న ఇంకోటుంది, ఈ ఒప్పందమే లేకపోతే ఆ 40 మెగావాట్లు ఏమయ్యేవి? నేపాల్‌లో నీళ్ళు వృథాగా పోయేవి అయితే తగ్గుదల మొత్తం కొత్తదే. మన ఎక్స్‌చేంజ్‌లో అమ్మేవాళ్ళయితే మాత్రం, బంగ్లాదేశ్‌లో తగ్గిన పొగకి ఎదురుగా మన దగ్గర తగ్గాల్సిన పొగ తగ్గలేదు, గ్యాస్‌కి బదులు బొగ్గు మిగిలిపోయిందంటే ప్రాంతం మొత్తానికి నష్టమే కూడా కావచ్చు. ఒప్పందం చెడ్డదని దీని అర్థం కాదు. మూడు దేశాలు ఒక లైను మీద నమ్మకం పెట్టుకోవడం చిన్న విషయం కాదు, నాకు అది చాలా సంతోషాన్నిచ్చిన వార్త. టన్నుల మాట చెప్పేముందు "లేకపోతే ఏమయ్యేది" అని అడగమంటున్నా, అంతే.

దేశాల హామీలను కూడా పక్కన పెట్టుకోండి. 2005తో పోలిస్తే జీడీపీ యూనిట్‌కి ఉద్గారాలు 2030కల్లా 45 శాతం తగ్గిస్తామన్నది మన హామీల్లో ఒకటి. అది మొత్తం టన్నుల మీద పరిమితి కాదు, నిష్పత్తి. బొగ్గు కరెంటు ఎగుమతి చేస్తే పొగా పెరుగుతుంది, ఎగుమతి ఆదాయం జీడీపీలో కూడా చేరుతుంది. నేపాల్ 2045కి నికర సున్నా (వదిలే పొగా, పీల్చుకునే పొగా సమానం కావడం) అంటోంది, మనం 2070కి అన్నాం. ఒకే తీగ మీద ఇన్ని రకాల గడువులు వేలాడుతున్నాయి, వాటిని కలిపి చూసే క్లాజు ఏ కాగితంలోనూ లేదు.

చదివాక ఏం చేయాలి

మార్గదర్శకాలకీ నిబంధనలకీ తేడా ఉందని మొదట్లో చెప్పాను కదా. 2003 విద్యుత్ చట్టం 178వ సెక్షన్ ప్రకారం సీఈఆర్‌సీ నిబంధన ఏది చేయాలన్నా ముందు డ్రాఫ్ట్ ప్రచురించాలి. వెబ్‌సైట్‌లో పెడతారు, గడువు ఇస్తారు, ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు, లాయరే అవ్వాలనేం లేదు. మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలకి ఆ సెక్షన్ వర్తించదు, అందుకే సవరణ ఒక పొద్దున హఠాత్తుగా కనబడుతుంది. కాబట్టి మీ శ్రమ కమిషన్ డ్రాఫ్ట్‌ల మీద పెట్టండి, మంత్రిత్వ శాఖ దగ్గర సమాచారం కావాలంటే ఆర్‌టీఐ దరఖాస్తు వేయండి, ఒక్కో దరఖాస్తులో ఒక్కటే ప్రశ్న, తేదీలతో సహా.

అభిప్రాయం రాసేటప్పుడు "పర్యావరణాన్ని కాపాడాలి" అని రాస్తే అది పక్కకి పోతుంది. క్లాజు నంబర్ రాయండి, ఉన్న వాక్యం రాయండి, మీరు కోరే వాక్యం రాయండి, ఎందుకో మూడు లైన్లలో చెప్పండి. నేనైతే మూడు అడుగుతాను. అనుమతి దరఖాస్తులో ప్లాంటు ఇంధనం, యూనిట్‌కి ఉద్గారాలు తప్పనిసరిగా రాయాలి, రాసింది బయటపెట్టాలి. సరిహద్దు లైన్లలో ప్రతి 15 నిమిషాల ముక్కకీ ఎంత సామర్థ్యం ఖాళీగా ఉంది, ఎంత కోత పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది మరుసటి రోజుకల్లా ప్రచురించాలి. దీర్ఘకాలిక ఒప్పందాల్లో కార్బన్ క్రెడిట్ హక్కు ఎవరిదో ఒక క్లాజు ఉండాలి. 2024 జనవరిలో నేపాల్ నుంచి పదేళ్ళలో 10,000 మెగావాట్లు తెచ్చుకుంటామని సంతకం చేశాం కదా, ఆ ఒప్పందం కింద ప్లాంటు వారీ కాంట్రాక్టులు వస్తూనే ఉంటాయి, మూడో కోరికకి సమయం ఇదే.

డ్రాఫ్ట్ గడువు సాధారణంగా కొన్ని వారాలే ఉంటుంది. నోటిఫికేషన్ల పేజీని వారానికోసారి తెరిచి చూసే అలవాటు చేసుకోండి, సోమవారం పొద్దున్నే అయితే నాకు బాగా కుదిరింది. మొదటిసారి పంపేది ఒకే పేజీ అయినా చాలు.